అమరిల్లో దారిలో గుర్రాల పంచాయితీ

ఇరవై ఆరేళ్ళుగా అమెరికాలో కారు నడుపుతున్న నాకు, ఆ కారు ముందు మూత ఎలా తెరుచుకుంటుందో ఇప్పటికీ తెలియదు. తెరిచినవాళ్ళ పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, లోపలికి తొంగిచూసి, "ఊఁ" అనడం మాత్రం వచ్చు. అలాంటి నన్ను, ఒక ఇంజన్‌కి ఎన్ని గుర్రాల బలం ఉందో తేల్చే పెద్దమనిషిగా రమ్మని పిలిచారు. నా వల్ల కాదని మర్యాదగా చెప్పాల్సింది పోయి, ఆ సాయంత్రమే టికెట్ బుక్ చేసుకున్నాను. అశ్వశక్తి విషయంలో నా అశక్తి ఎంతో తెలిసీ బయల్దేరాను కాబట్టి, తర్వాత జరిగినదానికి ఇంకెవరినీ అనడానికి లేదు.

ప్లేనో

నేను ఉండేది న్యూజెర్సీలో, పార్సిప్పనీలో. మా అక్కా బావగారూ ఉండేది టెక్సస్‌లో, ప్లేనోలో. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నిత్య అక్కడే పుట్టి పెరిగింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. గాలిమరలు బాగుచేసే కంపెనీలో తొలి ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం అమరిల్లోలో. ప్లేనో నుంచి వాయవ్యంగా, ఆగకుండా పోతే ఆరు గంటల దారి.

ఆ పిల్ల చదువుకుంటూనే ఒక పాత మజిల్ కారు కొన్నది. మామూలు సైజు కారులో, ఆ కారుకి అక్కర్లేనంత పెద్ద ఇంజన్ పెట్టి వెనకటి రోజుల్లో అమ్మేవారట. దాన్ని మజిల్ కారు అంటారు. కండల కారన్నమాట. అది నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఎవరో రైతు షెడ్డులో చచ్చిపడి ఉన్నదాన్ని గరాజ్‌కి తెచ్చి, మూడేళ్ళపాటు ఇంజన్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించి బతికించింది. అమ్మినాయన మూడువందల డెబ్భై అయిదు గుర్రాల బలం అని చెప్పాడు.

మా బావగారికి ఆ అంకె నచ్చలేదు. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రమాదాల లెక్కలు కడతారు. ఏ వయసు పిల్లలు ఎలాంటి కారు నడిపితే ఏమవుతుందో ఆయనకు అంకెల్లో తెలుసు. కాగితాల మీద కారు ఆయన పేరునే ఉంది. అందుకని ఒక షరతు పెట్టారు. మూడువందల లోపు ఉంటే కారు నిత్యది. ఒక్క గుర్రం దాటినా అమ్మేయాలి. పుస్తకంలో రాసింది చెల్లదు, కొలిచిందే లెక్క. నిత్య సరేనంది. కొలిచేటప్పుడు తగువు పడకుండా మధ్యలో ఒక మనిషి కావాలన్నారు. మేనమామని కాబట్టి ఆ మనిషి నేనయ్యాను.

"మావయ్యా, నీకు కార్స్ గురించి ఏమీ తెలీదు కదా. సో నువ్వు టోటల్‌గా న్యూట్రల్," అంది నిత్య.

"అవునోయ్ శేఖరం. మనవాళ్ళలో ఎంత వెతికినా ఇంత ఏమీ తెలియనివాడు ఇంకొకడు దొరకలేదు," అన్నారు బావగారు. కారుకి కండలు, నాకు కండువా అనుకుని సర్దుకున్నాను.

గురువారం ఉదయం బయల్దేరాం. అంతకుముందు అక్క డిక్కీ నింపింది. బియ్యం బస్తాలు, వెట్ గ్రైండర్, చిన్న రాతి రోలు, కుక్కర్లు, ఆవకాయ జాడీలు, నిత్య పుస్తకాల పెట్టెలు, నిత్య పనిముట్ల పెట్టెలు. "అమ్మా, అమరిల్లోలో కూడా స్టోర్స్ ఉన్నాయి," అని నిత్య మొత్తుకుంటూనే ఉంది. అక్క రోలు పక్కన రోకలి కూడా దూర్చింది. కారు వెనక భాగం కూలబడి, ముక్కు ఆకాశం కేసి లేచింది.

"ఈ మంచం గట్రా నేను శనివారం తెస్తాను, మీరు పదండి," అంది అక్క. నిత్య డ్రైవింగ్. బావగారు ముందు సీట్లో. నేను వెనక. ఆ వెనక సీటు మనుషుల కోసం చేసింది కాదని ఎక్కాక తెలిసింది.

డికేటర్

పెట్రోలు కోసం తొలిసారి ఆగింది ఇక్కడ. న్యూజెర్సీలో మన పెట్రోలు మనం పట్టుకోకూడదు, పనివాడు వచ్చి పడతాడు, చట్టం అలాంటిది. అందుకని ఇన్నేళ్ళలో నేను ఆ గొట్టం పట్టుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నిత్య ఇంజన్ చూసుకుంటూ, "మావయ్యా, గ్యాస్ కొట్టవా ప్లీజ్," అంది. గొట్టం చేత్తో పట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. పెట్రోలు పోసే మూత ఎక్కడా లేదు. ఇంకో ప్రదక్షిణ చేశాను. బావగారు అద్దం దించి, "మూడోది కూడా చెయ్యి, పుణ్యం," అన్నారు.

పక్క పంపు దగ్గర పెద్ద టోపీ పెట్టుకున్నాయన నన్ను చూసి జాలిపడి వచ్చి, వెనక నంబర్ ప్లేటుని వేలితో కిందికి లాగాడు. మూత దాని వెనక ఉంది. ఇలాంటి దాపరికం ఉన్న కారుతో పంచాయితీ అంటే నాకు మొదటిసారి భయం వేసింది. (దారిలో కలిసినవాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషే. నేను తెలుగులో రాస్తున్నాను. ఆ సాగదీత మీరు ఊహించుకోండి.)

"ఎన్ని గుర్రాలు?" అన్నాడాయన.

"మూడువందల డెబ్భై అయిదు అంటున్నారు," అన్నాను.

"కంపెనీ వాళ్ళు తక్కువ చేసి చెప్పేవాళ్ళు. ఇన్సూరెన్స్ వాళ్ళ భయానికి. నాలుగువందల పైనే ఉంటుంది."

ముందు సీట్లో ఇన్సూరెన్స్ ఆయన ముఖం ఎర్రబడింది. నిత్య గబగబా ఇంజన్ మూత వేసి, "థాంక్యూ సర్, వి ఆర్ లేట్," అని కారు ఎక్కేసింది.

దారిలో నేనడిగాను. "ఒక్క ఇంజన్‌కి ఇన్ని అంకెలేమిటే?"

"ఓల్డ్ డేస్‌లో ఇంజన్‌ని బయటికి తీసి, స్టాండ్ మీద పెట్టి కొలిచేవాళ్ళు మావయ్యా. ఫ్యాన్ లేదు, సైలెన్సర్ లేదు, ఏమీ లేదు. అందుకే బిగ్ నంబర్. తరవాత రూల్ మారింది. అన్నీ పెట్టి కొలవాలి. సేమ్ ఇంజన్, నంబర్ డౌన్. చక్రాల దగ్గర కొలిస్తే ఇంకా డౌన్. మధ్యలో గేర్స్ కొంత తినేస్తాయి."

ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. నేను కన్సల్టెంట్‌ని. క్లయింట్ నా గంటకి ఇచ్చే రేటు ఒకటి. మధ్యలో ఇద్దరు ముగ్గురు తినగా నాకు వచ్చేది ఇంకొకటి. మా ఆవిడ చేతికి చేరేది మూడోది. ఊళ్ళో బంధువులకు చెప్పేది మాత్రం మొదటిదే.

విచిటా ఫాల్స్

మధ్యాహ్నం భోజనానికి ఒక పాతకాలం హోటల్. బావగారు మెనూలో 'చికెన్ ఫ్రైడ్ స్టేక్' అన్నది చూసి ధైర్యంగా ఆర్డర్ చేశారు. పదమూడు డాలర్లు. పళ్ళెమంత ముక్క వచ్చింది, మీద తెల్లటి గ్రేవీ. ఫోర్కు గుచ్చాక అనుమానం వచ్చి నిత్యని అడిగారు.

"అది బీఫ్, నాన్నా. చికెన్ లాగా ఫ్రై చేస్తారు, అంతే."

"మరి చికెన్ ఎక్కడుంది?"

"పేరులో."

బావగారు ఫోర్కు కింద పెట్టేశారు. మూడువందల డెబ్భై అయిదు కూడా ఇలాంటి పేరే అయ్యుండొచ్చని నాకు అనిపించింది కానీ, పెద్దమనిషిని కాబట్టి పైకి అనలేదు. వడ్డించే ఆవిడ అరవై దాటిన మనిషి. విషయం విని కడుపారా నవ్వి, ఆ పళ్ళెం డబ్బు బిల్లులో వేయలేదు. ఊరికే ఒక మొక్కజొన్న రొట్టె తెచ్చిపెట్టి, కిటికీలోంచి కారుని చూసి, "మా అన్నకి అచ్చం అలాంటిదే ఉండేది. నాలుగువందల యాభై ఉంటుంది, తేలిగ్గా," అంది. బావగారు పార్కింగ్‌లో నిలబడి అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నారు.

ఊరు దాటే ముందు ఒక సిగ్నల్ దగ్గర పక్కన కొత్త ఎర్ర కారు వచ్చి ఆగింది. లోపల ఇద్దరు కుర్రాళ్ళు. ఇంజన్ని గుర్రుగుర్రుమనిపిస్తూ నిత్యకేసి చూసి కనుబొమలెగరేశారు. పరుగుకి రమ్మని దాని అర్థమని నాకు కూడా తెలిసింది. బావగారు డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకున్నారు. నిత్య వాళ్ళకి చక్కగా ఒక దండం పెట్టింది. పచ్చ లైటు పడింది. వాళ్ళు టైర్లు అరిపించుకుంటూ పోయారు. మేం వెనకాల స్కూలు బస్సులా కదిలాం.

"నీకు పోవాలనిపించలేదా?" అన్నాను.

"అనిపించింది మావయ్యా. కానీ ముందు సిగ్నల్ తరవాత చర్చి ఉంది. పార్కింగ్‌లోంచి ఎవరైనా వస్తారు కదా."

బావగారు డాష్‌బోర్డు మీద నుంచి ఒక చెయ్యి తీశారు. రెండోది మాత్రం ఉంచారు.

చైల్డ్రెస్

పాత కారుని ఒకే రోజు అంత దూరం వేడెక్కించొద్దని బావగారు పట్టుబట్టడంతో రాత్రికి ఇక్కడ దిగాం. మోటెల్ నడిపేది ఒక గుజరాతీ ఆవిడ. గదులు ఒక్కోటి డెబ్భై డాలర్లు. దేశీవాళ్ళమని చెప్పి, ఉదయం అల్లం టీ ఉచితం. ఆవిడ కారు చుట్టూ తిరిగి చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మైలేజ్ ఎంత ఇస్తుంది?"

పొద్దుట్నుంచి దారంతా బలం గురించి అడిగినవాళ్ళే. తిండి గురించి అడిగింది ఈవిడ ఒక్కర్తే. నిత్య నిజం చెప్పింది. ఆవిడ చెంపలేసుకుంది.

క్లారెండన్ దాటాక

శుక్రవారం ఉదయం ట్రక్కులు ఆగే చోట ఒక పెద్ద కాటా దగ్గర ఆగాం. గుర్రాల్ని కొలిచే పద్ధతి నిత్య నాకు అప్పటికి నాలుగుసార్లు చెప్పింది. పావు మైలు పరుగుకి కట్టిన ట్రాక్ మీద, నిలబడినచోటి నుంచి బండిని వదలాలి. ఆఖరి గీత దాటేటప్పుడు ఎంత వేగంతో ఉందో వాళ్ళ యంత్రం చెబుతుంది. ఆ వేగాన్ని రెండువందల ముప్పై నాలుగుతో భాగించాలి. వచ్చినదాన్ని దాంతోనే రెండుసార్లు హెచ్చవేయాలి. దాన్ని బండి బరువుతో గుణిస్తే గుర్రాలు వస్తాయి. ఉజ్జాయింపే కానీ, ఖర్చులేని ఉజ్జాయింపుల్లో మంచిదట. రెండువందల ముప్పై నాలుగే ఎందుకని అడిగితే, "వర్క్ అవుతుంది మావయ్యా," అంది. మా ఆఫీసులో కూడా చాలా ప్రోగ్రాములు ఆ కారణం మీదే నడుస్తున్నాయి.

కాబట్టి బరువు కావాలి. ముందూ వెనకా రెండు పద్దెనిమిది చక్రాల ట్రక్కులు, మధ్యలో మేం. స్పీకర్లోంచి ఒక గొంతు, "మీ కంపెనీ పేరు?" అంది. ట్రక్కుల వాళ్ళని అడిగే ప్రశ్న అది. కంగారులో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు చెప్పేశాను. చీటీ వచ్చింది. పరుగులో నిత్య ఒక్కతే ఉంటుంది కాబట్టి నా బరువూ బావగారి బరువూ తీసేయాలని నాకు తట్టింది. అలా తట్టినందుకు చాలా గర్వపడ్డాను కూడా.

"మీ బరువెంత బావగారూ?"

"నూట డెబ్భై పౌన్లు."

"నాన్నా!" అంది నిత్య.

"నూట తొంభై. ఆ బెల్టు తీస్తే."

నేను జాగ్రత్తగా తీసివేత చేసి, మిగిలిన అంకెని ఫోన్లో దాచాను.

అమరిల్లో, శుక్రవారం

నిత్య అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. సామానంతా మోసింది నిత్యా, బావగారూ. నేను తలుపు పట్టుకున్నాను. సాయంత్రం ఊరి బయట ట్రాక్‌కి వెళ్ళాం. అక్కడ శుక్ర, శనివారాల్లో ఎవరైనా సొంత బండి తెచ్చుకుని పరిగెత్తించుకోవచ్చు. నడిపేవాళ్ళకి ముప్పై డాలర్లు, చూసేవాళ్ళకి పది.

ట్రాక్ మీదకి వదిలే ముందు బండిని పరీక్ష చేసింది డోనా అనే ఆవిడ. పెద్ద ఎండటోపీ, చేతిలో టార్చి. బెల్టులు లాగి చూసింది. బ్యాటరీ కదిపి చూసింది. కింద పడుకుని ఏదైనా కారుతోందా చూసింది. డిక్కీ తీయించింది. ఖాళీగా ఉండటం చూసి తృప్తిగా మూసింది. నిత్య తెచ్చుకున్న హెల్మెట్ చూసి, "నీ వేగానికి ఇది తప్పనిసరి కాదు, అయినా తెచ్చావు. మంచిది," అంది.

"రోడ్డు మీద కుర్రాళ్ళు రెచ్చగొడుతున్నారండీ," అన్నారు బావగారు, ఫిర్యాదు ఆవిడదే అన్నట్టు.

"ఇక్కడికి రమ్మనండి. ఇక్కడ ఎదురు వచ్చే బండి ఉండదు. అదిగో అంబులెన్స్, ఇంజన్ ఆన్‌లో ఉంది. మీ రోడ్డు మీద అది ఉంటుందా?"

బావగారు ఆ అంబులెన్స్‌ని చాలాసేపు చూశారు. దానివల్ల ఆయన ధైర్యం పెరిగిందో తగ్గిందో నేను చెప్పలేను.

నిత్య వంతు వచ్చింది. రంగుదీపాల స్తంభం ముందు కారు ఆగింది. పసుపు, పసుపు, పచ్చ. ఆ మోత చెవుల్లోకి కాదు, నేరుగా పక్కటెముకల్లోకి వస్తుంది. కారు వెనక కాళ్ళ మీద కూర్చుని ముందుకి దూకింది. గుర్రమని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. బావగారు కంచె ఊచల్ని పట్టుకుని పెదవులు కదుపుతున్నారు. ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. నేను కూడా కాస్త తలుచుకున్నాను, న్యూట్రల్‌గా.

నిత్య మూడుసార్లు పరిగెత్తింది. ప్రతిసారీ తిరిగివచ్చే పక్కదారిలో, బోర్డు మీద రాసినంత మెల్లగా, చెయ్యి ఊపుకుంటూ వచ్చింది. అన్నిట్లోకీ ఎక్కువ వేగం తొంభై ఎనిమిది మైళ్ళు.

డోనా చీటీ చూసి, "ఇది ఎత్తు ప్రదేశం, గాలి పలుచన. ఇంజన్‌కి ఊపిరాడదు. ఇదే కారు కింద ఊళ్ళలో అయితే ఇంకా పరిగెత్తుతుంది," అంది.

"అంటే గుర్రాలు ఇంకా ఎక్కువన్నమాట!" అన్నారు బావగారు.

"నాన్నా, నాట్ ఫెయిర్! మావయ్యా, చెప్పు!"

ఇద్దరూ నాకేసి తిరిగారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఈ కారు ఇకమీదట బతకబోయేది ఈ ఊళ్ళో. ఈ ఊరి గాలే లెక్క," అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన మొదటి తీర్పు. ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకు కొంచెం మత్తెక్కింది.

ఆ మత్తులోనే, నాచోస్ అనే మొక్కజొన్న చిప్స్ కొనుక్కుని కూర్చున్న బల్ల మీద కాలిక్యులేటర్ తీసి లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను. మూడువందల ఎనిమిది.

బావగారు నాచోస్ నములుతున్నారు. ఆ ఎనిమిది గుర్రాలు ఎక్కడికైనా పారిపోతాయేమోనని మూడోసారి కూడా కట్టాను. నిత్య హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. జేబులోంచి తాళం తీసి నాన్న ముందు పెట్టింది. "ఓకే. రూల్ ఈజ్ రూల్," అంది. గొంతు మామూలుగానే ఉంది. మూడేళ్ళుగా ఆ పిల్ల గోళ్ళ కింద నల్లటి నూనె పోవడం నేను చూడలేదు. ఆ గోళ్ళకేసే చూస్తూ కూర్చున్నాను. బావగారు తాళం తీసుకోలేదు, తోసేయనూ లేదు.

శనివారం ఉదయం

కిటికీలోంచి చూస్తే నిత్య కింద కారుని తుడుస్తోంది. ఫోన్‌తో నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీస్తోంది. అమ్మకానికి పెట్టడానికని అడక్కుండానే తెలిసింది.

బాధగా ఉన్నప్పుడు నాకు ఏదో ఒక పని చేయాలనిపిస్తుంది. వంటింటి మధ్యలో ఉన్న వెట్ గ్రైండర్‌ని గట్టు మీదికి ఎత్తబోయాను. నడుం పట్టేసింది. పోనీ రోలు జరుపుదామనుకుంటే అది నన్ను జరిపింది. "బాబోయ్, ఇంత బరువు మోసుకుంటూ ఆ కారు తొంభై ఎనిమిది ఎలా..." అనుకుంటూ నడుం పట్టుకుని ఆగిపోయాను. మోయలేదు. పరుగులో ఇది కార్లో లేదు. కాటా మీద ఉంది.

అలాగే వంగినవాణ్ణి వంగినట్టే హాల్లోకి వెళ్ళాను. బావగారు గోడకి జారగిలబడి ఫోన్ చూసుకుంటున్నారు.

"బావగారూ, కాటా మీద డిక్కీ నిండుగా ఉంది కదా?"

ఆయన తలెత్తలేదు. "ఉంది."

"పరుగులో ఖాళీ."

"ఖాళీయే."

"అంటే మీకు తెలుసా?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా లెక్కలు కడుతున్నానోయ్. తెలీకేం?"

"ఎప్పట్నించి?"

"నువ్వు కాలిక్యులేటర్ తీసినప్పట్నించి."

నేను తలుపు పట్టుకున్నాను. "మరి చెప్పలేదేం?"

"పెద్దమనిషివి నువ్వు. నీ లెక్క నువ్వే చూసుకోవాలి." ఫోన్ పక్కన పెట్టారు. "శేఖరం, నాకు అంకెలతో పని లేదు. నిన్న ఆ పిల్ల అలా దూసుకుపోతుంటే నేను కంచె పట్టుకుని నిలబడ్డాను చూడూ, ఆ కాసేపట్లో నేను కట్టిన లెక్కలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ మంచిది కాదు. నీ తప్పు నాకు సాయపడింది. నోరు మూసుకున్నాను."

కోపం రావాల్సిన చోట నాకు ఎటూ తోచలేదు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. కింద ఫోటోలు తీస్తున్న పిల్ల కూడా అబద్ధం కాదు. చివరికి నడుం నొప్పి నా తరఫున నిర్ణయం తీసుకుంది.

"లేవండి. కాటాకి వెళ్దాం," అన్నాను.

ఊళ్ళోనే ఇంకో కాటా ఉంది. ఈసారి కార్లో నిత్య ఒక్కతే, డిక్కీ ఖాళీ. బావగారూ నేనూ పక్కన గట్టు మీద నిలబడ్డాం. అక్క సర్దిన సామాను నాలుగువందల ఇరవై పౌన్లని తేలింది. ముప్పై ఒక్క గుర్రాలు ఆవకాయతో సహా దిగిపోయాయి. మిగిలింది రెండువందల డెబ్భై ఏడు.

నిత్య అంకె చూసి, ముందు నన్ను కావలించుకుంది, నడుం సంగతి తెలియక. నేను కెవ్వుమన్నాను. తర్వాత నాన్న దగ్గరికి వెళ్ళి, తాళం మళ్ళీ ఆయన చేతిలో పెట్టి నిలబడింది. బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"పరిగెత్తాలనిపిస్తే ఆ ట్రాక్ మీదే."

"అంతే నాన్నా."

"హెల్మెట్‌తో."

"ఎప్పుడూ."

"వెళ్ళే ముందు నాకు ఫోన్ చెయ్యి. వచ్చాక కూడా."

"వచ్చాక మాత్రం చేస్తాను. ముందు చేస్తే నువ్వు పడుకోవు," అంది నిత్య. ఆయన తాళం ఇచ్చేశారు.

శనివారం మధ్యాహ్నం

మంచం, పరుపు, ఇంకో రెండు బియ్యం బస్తాలతో అక్క ప్లేనో నుంచి దిగింది. వాళ్ళ బండి మూడు వరసల సీట్ల పెద్ద ఎస్‌యూవీ. బావగారే ఎంచి కొన్నది, భద్రత పరీక్షల్లో అన్ని చుక్కలూ వచ్చాయని. భోజనాల దగ్గర కథంతా చెప్పాం. ఓడిపోయినా హుందాగా ఉండాలనుకున్నారో ఏమో, బావగారు పప్పు కలుపుకుంటూ ఒక మాట అన్నారు.

"ఏదైతేనేం, తేలింది. మూడువందలు దాటిన బండి మన ఇంట్లో ఉండటానికి వీల్లేదు. అది మన ఫ్యామిలీ రూల్."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే నేను ఆదివారం విమానం ఎక్కి మర్యాదగా వెళ్ళిపోయేవాణ్ణి. నిన్న నా కాలిక్యులేటర్‌కేసి చూస్తూ నాచోస్ తిన్న ఆయన నిశ్శబ్దం గుర్తొచ్చింది.

"అక్కా, నీకు బూట్లు ఉన్నాయా?" అన్నాను.

"వాకింగ్ షూస్ ఉన్నాయి. ఎందుకురా?"

సాయంత్రం నలుగురం అక్క తెచ్చిన ఎస్‌యూవీలోనే ట్రాక్‌కి వెళ్ళాం, ముందుగా కాటా మీదుగా. డిక్కీ నేనే స్వయంగా తీసి చూశాను. సీట్ల కింద కూడా చూశాను. స్టీరింగ్ ముందు అక్క కూర్చుంటే, డోనా ఆమె బెల్టు లాగి చూసి, "ఎప్పుడైనా చేశారా?" అంది.

"సరుకులకి రోజూ కాస్ట్‌కోకి వెళ్తాను," అంది అక్క.

"శేఖరం, ఏమిటిది? ఆవిడ హైవే మీద కూడా మెల్లగా పోయే కుడి లేన్ దాటదు," అన్నారు బావగారు. ఈలోపు పచ్చ దీపం పడింది. ఆ బండి అరవలేదు, దూకలేదు. పెద్ద ఏనుగు ఏదో గుర్తొచ్చినట్టు బయల్దేరి, ఆగకుండా, చివరిదాకా వేగం పెంచుకుంటూనే పోయింది. అక్క ఎక్కడా కాలు తీయలేదు.

చీటీ తెచ్చి బావగారి ముందే లెక్క కట్టాను. ఈసారి ఆయన కూడా తన ఫోన్‌లో కట్టారు. ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. మూడువందల ఇరవై రెండు.

"కొలిచిందే లెక్క. ఈ ఊరి గాలే. బరువు సరిగ్గా చూశాను," అన్నాను. చీటీ వెనక్కి తిప్పి, 'మూడువందలు దాటింది. అమ్మేయవలెను,' అని రాసి, సంతకం చేసి ఆయన చేతిలో పెట్టాను.

నిత్య అటు తిరిగి భుజాలు ఊగేలా నవ్వుతోంది. బావగారు ఆ రెండు ముక్కలూ రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"వాయిదా వేయండి పెద్దమనిషిగారూ," అన్నారు చివరికి.

"ఎందాకా?"

"మీ అక్క బండి దిగేదాకా."

ఇద్దరం ట్రాక్ కేసి చూశాం. అక్క దిగలేదు. తిరుగుదారి దాటి వచ్చి, మళ్ళీ లైన్లో నిలబడి ఉంది.